కాలు జారి పడ్డాను

1941 మార్చి 9, ఆదివారం

ఇవాళ బడేబీ పెదవికి రెండు కుట్లు వేశాను.

బిజినేపల్లి దిక్కు నుంచి ఒకతను పిక్క మీద పెద్ద గడ్డతో వచ్చాడు. నేను కోసి చీము తీస్తుంటే బడేబీ కింద కూర్చుని గిన్నె పట్టుకుంది. నొప్పికి ఓర్చుకోలేక అతను రెండో కాలితో ఆమె మూతి మీద తన్నాడు. గిన్నె బోర్లపడి చీమంతా ఆమె ఒళ్లో పడింది. అతని వెంట వచ్చిన తమ్ముడు నవ్వాడు.

బడేబీ ఈ దవాఖానలో పదకొండేళ్లుగా ఆయా పని చేస్తోంది. నేను నర్సుగా వచ్చి రెండేళ్లే. దవాఖాన వెనక ఉన్న రెండు అర్రల్లో ఒకటి ఆమెది, ఒకటి నాది. మొగుడు లేడు, పిల్లలు లేరు. నన్ను బిడ్డా అంటుంది.

కుట్లు అయినాక, "డాక్టర్ సాబ్‌కు చెప్పు బిడ్డా. నువ్ జెప్తే ఇంటడు" అంది.

"పోనీ అక్కా. నొప్పిల ఉన్నోనికి తెలివుంటదా?" అన్నాను.

ఆమె చీర ఉతుక్కోవడానికి వెళ్లింది. నేను అన్నది సరైన మాటే. మిషన్ ఆసుపత్రిలో నేను పని నేర్చుకునేటప్పుడు మా పెద్ద సిస్టర్ నా ఓర్పును అందరి ముందు మెచ్చుకునేది. రిజిస్టరులో గడ్డ కోసిన సంగతి రాశాను. తన్నిన సంగతి రాయలేదు. రాయడానికి ఏముంది?

మార్చి 14

జ్వరం చూస్తుంటే ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. విడిపించుకున్నాను. చెయ్యి మూడుసార్లు కడుక్కున్నాను. ఏం కాలేదు.

మార్చి 22

క్వినైను అయిపోయింది. యుద్ధమట, రావట్లేదట. లేదని చెప్తే ఒకామె నా మీదికి ఖాళీ సీసా విసిరింది. గోడకు తగిలింది. పాపం, ఒళ్లో పిల్లవాడు జ్వరంతో కాలిపోతున్నాడు. ఏం కాలేదు.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం దవాఖాన వరండాలో కాలు జారి పడ్డాను. ఎడమ చెంప వాచింది, పెదవి లోపల తెగింది. పక్క ఊరి పోలీసు పటేలు కురుమూర్తి భార్య జములమ్మ కాన్పుకు వచ్చింది. మగబిడ్డ. దక్కలేదు. తల్లి బాగానే ఉంది.

పడుకోవాలి.

ఏప్రిల్ 4

ఈ డైరీ ఎవరూ చదవరు. పెట్టెలో బట్టల కింద ఉంటుంది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మరి నిన్న ఎవరి కోసం అబద్ధం రాశాను?

నేను జారి పడలేదు. కురుమూర్తి నన్ను చెప్పుతో కొట్టాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున పది గంటలకు బండి వచ్చింది. గడ్డి మీద జములమ్మ పడుకుని ఉంది. ఇంట్లో రెండు రోజులు నొప్పులు పడిందట. కింద గడ్డి నెత్తురుతో తడిసి ఉంది. పొట్ట రాయిలా గట్టిగా ఉంది. డాక్టరు అనంతయ్యగారు పెళ్లికని ముందు రోజే వనపర్తి వెళ్లారు. కంపౌండర్ వెంకట్రాములును సైకిలు మీద పంపించాను. ఒంటిగంటకు ఒక్కడే తిరిగి వచ్చాడు. "సారు బంతిల కూసున్నరు. తిని వస్త అన్నరు" అన్నాడు. ఆయన రాలేదు.

నేనూ బడేబీ కలిసి చేశాం. గొట్టం పెట్టి పొట్ట మీద విన్నాను. చిన్నగా చప్పుడు వినిపించింది. వినిపించిందనుకున్నాను. నా గుండె చప్పుడేనేమో. బిడ్డ బయటికి వచ్చినప్పుడు ఏడవలేదు. కాళ్లు పట్టి తలకిందులు చేసి తట్టాను, నోట్లో ఊదాను, వేడినీళ్లు, చన్నీళ్లు, అన్నీ చేశాను. తర్వాత తల్లి నెత్తురు ఆపడానికి గంట పట్టింది. ఆపాను. ఆ మాట ఎవరూ అనడం లేదు కాబట్టి ఇక్కడ నేనే రాసుకుంటున్నాను. ఆపాను.

చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చాను. మందుల కోసం వచ్చినవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. బిడ్డ దక్కలేదని చెప్పాను. ఇంకో మాట కూడా అన్నాను. కురుమూర్తి కాలి చెప్పు తీశాడు.

"నీ అంటుచెయ్యి పెట్టి నా కొడుకును సంపినవ్ గదనే" అంటూ కొట్టాడు. ఎడమ చెంప మీద రెండు, చెవి మీద ఒకటి. ఆ తర్వాత ఎన్నో తెలియదు. కింద కూర్చుండిపోయాను. బడేబీ పరుగెత్తుకొచ్చి, "వద్దు పటేలా, వద్దు" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఒక దెబ్బ ఆమె మోచేతికి తగిలింది. అప్పుడతను వంగి నా మొహం మీద ఉమ్మేశాడు. తంబాకు ఉమ్మి. కంట్లో పడింది, పెదవుల మీది నుంచి కారింది.

ముప్పై మందిలో ఎవరూ లేవలేదు. వెంకట్రాములు మందుల కిటికీ వెనక నిలబడి ఒక సీసాకు బిరడా పెడుతున్నాడు. బిగించిన బిరడానే మళ్లీ బిగిస్తున్నాడు.

రాత్రి నుంచి కార్బాలిక్ సబ్బుతో ఎనిమిదిసార్లు మొహం కడుక్కున్నాను. తోలు పొరలుగా లేస్తోంది. వాసన పోలేదు. అన్నంలో ఆ వాసన. తలగడలో ఆ వాసన.

నేను అన్న ఇంకో మాట ఏమిటో ఇక్కడ రాయను.

ఏప్రిల్ 5

డాక్టరుగారు వచ్చారు. మొహం చూసి అయ్యో అన్నారు. తనే మందు రాశారు, చేతులు ఎంత మెత్తగా ఉంటాయో. మంచివారు. రెండేళ్లలో నన్ను ఒక్క మాట అన్నది లేదు.

"చూడు సిస్టర్, కొడుకు పోయిన తండ్రి. ఆ మంటల ఏం చేస్తున్నడో వానికే తెల్వదు. మనం ఓర్చుకోవాలె. మనది అసొంటి పని" అన్నారు.

నేను బడేబీతో అన్న మాటే కదా ఇది. తలూపి, మందు గిన్నె కడగడానికి తీసుకెళ్లాను.

సాయంత్రం వెంకట్రాములు ఒక ఉర్దూ కాగితం తెచ్చాడు. పైవాళ్లకు పంపాలట. నేను ఉర్దూ మాట్లాడతాను గానీ చదవలేను. తెలుగులో చెప్పమన్నాను.

"దవాఖానల నేను కాలు జారి పడ్డ. డాక్టర్ సాబ్‌ను పిలిపియ్యనీకె ఆలస్యం చేసిన. గంతే ఉన్నది" అన్నాడు.

"ఆలస్యం నేను చేసిన్నా? నువ్వే గద పోయింది?"

"నాకెందుకు నర్సమ్మా, రాయమన్నది రాసిన. కురుమూర్తి కేసు పెడ్త అంటుండు. నీ సర్టిఫికేటు పోతదని సార్ పరేషాన్ అయితుండు. నీ మంచికే."

కింద జములమ్మ వేలిముద్ర అప్పటికే ఉంది, సాక్షిగా. ఆమె ఇంకా మంచం మీదనే ఉంది, ఒళ్లు కాలిపోతోంది. ఆ వేలిముద్ర చూశాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

సంతకం పెట్టాను.

ఏప్రిల్ 6

నాకు ఉర్దూ చదవడం రాదు. అందులో ఏముందో నాకు తెలియదు.

ఏప్రిల్ 7

జములమ్మను బండిలో ఇంటికి తీసుకుపోయారు. వెళ్తూ నా వైపు చూడలేదు.

నాకు ఉర్దూ చదవడం రాదు.

ఏప్రిల్ 13, ఈస్టరు

గద్వాల నుంచి అన్న ఉత్తరం వచ్చింది. మా అన్న ప్రభుదాసు అక్కడ మిషన్ బడిలో పంతులు. జరిగింది నేను రాసి పంపితే రెండు పుటలు క్షమ గురించి రాశాడు. అతని కోసం ప్రార్థన చేయమన్నాడు. కురుమూర్తి కోసమట. చివర, ఇంత జరిగాక ఊళ్లోవాళ్ల ముందు తలెత్తుకుని ఎలా తిరుగుతున్నావు, జాగ్రత్త అని రాశాడు.

తల దించుకోవాల్సింది నేనా అన్నా?

ప్రార్థనకు మోకరించాను. కళ్లు మూసుకోగానే ఆ నోరు కనిపించింది, గారపట్టిన పళ్లు, ఉమ్మడానికి ముందు దవడ కదిలిన తీరు. లేచిపోయాను.

ఏప్రిల్ 17

ఇప్పుడు నాకు కొత్త పేరు. పటేలు కొట్టిన నర్సమ్మ. అడ్రసు చెప్పినట్టు చెప్పుకుంటున్నారు.

ఇవాళ ఒకడు పుండుకు కట్టు కట్టించుకుంటూ, "జర మెల్లగ గట్టు. చెప్పు తియ్యాల్నా మల్ల?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు, కోపం లేదు, హాస్యానికి అన్నాడు. నేను కూడా నవ్వాను.

నేను కూడా నవ్వాను. ఆ నవ్వును నా మొహం మీంచి ఏ సబ్బుతో కడగాలి?

కట్టు పూర్తి చేసి వెనక్కి వచ్చి బడేబీతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"నన్ను తన్నిన నాడు నువ్ ఏమన్నవ్ బిడ్డా?"

నేను పక్కన కూర్చుని ఆమె చేటలోకి చెయ్యి పెట్టాను.

"పోనీ అన్నవ్. పోనిచ్చిన. పదకొండేండ్ల సంది పోనిస్తనే ఉన్న. ఒకడు జుట్టు పట్టిండు, ఒకడు మంచినీళ్ల చెంబు ఇసిరిండు. నీకన్న ముందున్న నర్సమ్మ గూడ పోనీ అన్నది. నేను ఆయానే గద. నువ్ సదువుకున్నదానివి, నీ మీదికి రాదనుకున్నవ్."

"అక్కా, నాది తప్పు."

"తప్పని ఇప్పుడంటే ఏమొస్తది? నా పండ్లు రెండు కదులుతున్నయ్ నాటి సంది. నువ్ సూసినవా?"

చూడలేదు. పెదవికి కుట్లు వేశాను గానీ నోరు తెరిచి చూడలేదు. ఆమె నోరు తెరిచింది. చూశాను. కింది పళ్లు రెండు వదులయ్యాయి, చిగుళ్లు నల్లబడ్డాయి. ఐదారు వారాలుగా ఈమె నా పక్కనే కూర్చుని అన్నం తింటోంది, ఒకవైపే నములుతోంది.

ఆ రోజు నేను అన్న మాట ఇక్కడ రాస్తాను. ఇక దాచి ఏం లాభం?

జములమ్మ బొడ్డు కింద అరచెయ్యంత మేర కమిలిపోయి ఉంది. నల్లగా, అంచుల్లో పసుపు తిరిగి. అది కాన్పు నొప్పులతో వచ్చేది కాదు. వరండాలోకి వచ్చి బిడ్డ దక్కలేదని చెప్పాక, అందరూ వింటుండగా, "ఈమె పొట్టల ఎవరు తన్నిండ్రు?" అని అడిగాను.

అందుకు కొట్టాడు. కొడుకు పోయిన దుఃఖానికి కాదు. నా నోరు మూయడానికి కొట్టాడు. ఆ మచ్చ గురించి నేను కేసు కాగితం మీద కూడా రాశాను. డాక్టరుగారు వచ్చిన రోజు చూస్తే ఆ కాగితం లేదు. దాని బదులు డాక్టరుగారి చేతిరాతలో వేరే కాగితం ఉంది. రెండు వారాలు ఈ సంగతి నాకు నేనే చెప్పుకోలేదు. డాక్టరుగారు మంచివారని రాసుకున్నాను.

ఏప్రిల్ 18

బడేబీ పళ్లకు ఉప్పునీళ్లు, లవంగ నూనె. ఒకటి నిలవదు.

ఏప్రిల్ 26

కురుమూర్తి వచ్చాడు. భార్యకు పుట్టిల్లు కొల్లాపురం, అక్కడి తోట మామిడిపళ్లు గంపెడు తెచ్చాడు. డాక్టరుగారి వాకిట్లో ఇద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను మందుల చీటీ మీద సంతకం కోసం వెళ్లాల్సి వచ్చింది. డాక్టరుగారు పండు చీకుతున్నారు. రసం మోచేతి దాకా కారుతోంది. కురుమూర్తి నన్ను చూసి కాళ్లు చాపుకున్నాడు. అవే చెప్పులు.

"మా నర్సమ్మ మంచిది పటేలా, పని బాగ చేస్తది" అన్నారు డాక్టరుగారు.

"చేస్తది చేస్తది. చెప్పాల్సినట్టు చెప్తే అందరు చేస్తరు" అన్నాడు కురుమూర్తి.

డాక్టరుగారు నవ్వి నా చేతిలో రెండు పళ్లు పెట్టారు. తెచ్చుకున్నాను. బడేబీకి చూపించకుండా కొంగులో పెట్టుకుని నా అర్రలోకి తెచ్చుకున్నాను. పారేద్దామనుకున్నాను. సాయంత్రం దాకా అర్రంతా ఆ పళ్ల వాసన. ఒకటి తిన్నాను.

తియ్యగా ఉంది. టెంక దాకా చీకాను.

తర్వాత పెరట్లోకి పోయి వాంతి చేసుకుందామని వేలు పెట్టుకున్నాను. రాలేదు. ఒంటికి అసహ్యం లేదు, అరిగించుకుంది. రెండో పండు గోడ అవతలికి విసిరాను.

ఏప్రిల్ 30

జములమ్మ వచ్చింది.

ఒక్కతే, ఎండలో నడిచి వచ్చింది. మొగుడు ఎడ్ల బేరానికి పెబ్బేరు అంగడికి పోయాడట. బిడ్డ లేక పాలు గడ్డకట్టి కుడి రొమ్ము చీము పట్టింది. నిలబడలేక గోడను పట్టుకుంది.

ఆమెను చూడగానే ఆ కాగితం మీది వేలిముద్ర గుర్తొచ్చింది. అక్కడ కూర్చో అన్నాను. కావాలనే గంటసేపు కూర్చోబెట్టాను. అంత పని ఏమీ లేదు నాకు. కడిగిన కత్తెరలే మళ్లీ కడిగాను. ఆమె పైట రొమ్ముకు తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని కూర్చుంది. ఒక్కసారీ మూలగలేదు. బడేబీ రెండుసార్లు నా వైపు చూసింది, మూడోసారి వచ్చి నా చేతిలోని కత్తెర తీసుకుని పక్కన పెట్టింది.

ఆడవాళ్ల రొమ్ము మగ డాక్టరు చూడకూడదు కాబట్టి అది నా పనే. కోశాను. గిన్నెడు చీము వచ్చింది. కంపు. నాకు ఆ కంపు కంటే, ఆమెను గంటసేపు కూర్చోబెట్టిన నా చేతులే ఎక్కువ రోత పుట్టించాయి. గుడ్డ దోపి కట్టు కడుతుంటే ఆమె మాట్లాడింది.

"నాడు నువ్ అడిగినవ్ గద నర్సమ్మా, ఎవరు తన్నిండ్రని."

"అడిగిన. దానికి చెప్పు దెబ్బలు తిన్న."

"ఆయనే తన్నిండు. ఎడ్లకు కుడితి పెట్టలేదని. కింద పడ్డంక గూడ తన్నిండు. ఇంతకుముందు ఇద్దరు గట్లనే పోయిండ్రు."

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్? ఏలుముద్ర ఏసినవ్ గద నా మీద."

"నేను ఏసిన్నా? ఏలు పట్టుకొని ఏపిచ్చుకున్నరు. అది నీ మీద కాగితమని తర్వాత తెలిసింది." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నొప్పులు రాకముందే బిడ్డ కదలడం ఆగింది. తన్నిన దినం సంది కదల్లే. నాకు ఎరుక. నువ్ సంపలేదు. గది చెప్పనీకె వచ్చిన. చీము ఏముంది, ఊళ్ల మంత్రసానైనా కోస్తుండె."

నేను కట్టు ముడి వేయలేకపోయాను. గొట్టంలో విన్న ఆ చప్పుడు ఇరవై ఏడు రోజులుగా నాకు వినిపిస్తూనే ఉంది. ఇంకో గంట ముందు లాగి ఉంటే అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట ఈ డైరీలో కూడా రాయలేదు. బడేబీ వచ్చి ముడి వేసింది.

"ఈ మాట కచేరిల చెప్తవా జములమ్మా?"

ఆమె పైట సర్దుకుంది. "మల్ల ఆ ఇంటికే పోవాలె గద నేను" అంది.

సందె పడకముందే వెళ్లిపోయింది. అంగడి నుంచి అతను వచ్చేలోగా ఇల్లు చేరాలి.

మే 2

ఆమె చెప్పింది వాడుకోకూడదు. వాడుకుంటే ఆమె ఒంటి మీదే పడుతుంది. కానీ నాకు జరిగింది నాది.

మే 5

సెలవు పెట్టి బడేబీతో కలిసి తాలూకా కచేరికి వెళ్లాను. కచేరి బయట చెట్టు కింద బడేబీ తమ్ముడు గౌస్ పాషా అర్జీలు రాస్తాడు. చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. నేను తెలుగులో చెప్తుంటే ఉర్దూలో రాశాడు. పక్క ఊరి పోలీసు పటేలు కురుమూర్తి నన్ను దవాఖానలో చెప్పుతో కొట్టాడు, మొహం మీద ఉమ్మేశాడు. నేను కాలు జారి పడలేదు. పడ్డానని రాసిన కాగితం మీద భయపడి సంతకం పెట్టాను. డాక్టరును వెంటనే పిలిపించాను, ఆయన రాలేదు.

గౌస్ పాషా కలం ఆపాడు. "చెల్లె, ఇది ఇస్తే నీ కొలువు పోతది. పటేలుకు ఏం గాదు. నేను ఇరవై ఏండ్ల సంది ఈడ కూసున్న. సూస్తనే ఉన్న."

"రాయండి అన్నా."

"ఇంకేమన్న రాయాల్నా?"

"మార్చి తొమ్మిదిన బడేబీని ఒక రోగి మూతి మీద తన్నిండు. నేను ఎవరికీ చెప్పలేదు. అది గూడ రాయండి."

గౌస్ పాషా అక్క వైపు చూశాడు. ఆయనకు తెలియదు. తమ్ముడికి కూడా చెప్పుకోలేదు ఆమె.

మే 21

విచారణ అయింది. పెద్ద అధికారి ముందు అందరం నిలబడ్డాం. ఆయన ఫైలులోంచి నేను సంతకం పెట్టిన కాగితం తీసి చదివి తెలుగులో చెప్పారు. జారి పడ్డాననీ ఆలస్యం చేశాననీ ఉంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. నా నిర్లక్ష్యం వల్లనే శిశువు చనిపోయింది, దీనికి నేనే బాధ్యురాలిని.

వెంకట్రాములు ఆ వాక్యం నాకు చదివి చెప్పలేదు. కానీ నేను కూడా ఆ రోజు, గంతేనా అని రెండోసారి అడగలేదు. కాగితంలో నాలుగు పంక్తులున్నాయి, అతను చెప్పింది రెండు ముక్కలు. పంక్తులు లెక్కపెట్టడానికి ఉర్దూ రానక్కరలేదు.

వెంకట్రాములును అడిగారు. "నేను చూడలే సర్కార్. సీసాల దిక్కు తిరిగి ఉంటి" అన్నాడు. మెడ మీద చెమట కారుతోంది.

డాక్టరుగారిని అడిగారు. "నేను ఊళ్లో లేను. సిస్టర్ మంచి పనిమంతురాలే, కానీ జర తొందరపాటు మనిషి" అన్నారు. నా కళ్లలోకి చూడలేదు.

బడేబీని అడిగారు. ఆమె ముందుకు వచ్చింది.

"నేను చూసిన. చెప్పుతోని కొట్టిండు. నా మోచేతికి తగిలింది. మొకం మీద ఉమ్మిండు. నర్సమ్మ బిడ్డను సంపలే, తల్లిని బతికిచ్చింది. నేను పక్కన్నే ఉన్న."

"నీ కొలువు గూడ పోతది, ఎరుకేనా?" అని కురుమూర్తి వెనక నుంచి అన్నాడు.

"పోనీ" అంది బడేబీ.

అధికారి చెడ్డవాడు కాదు. అలసిపోయినవాడు. భోజనం వేళ దాటింది. కురుమూర్తితో ఏదో మెల్లగా అన్నారు. కురుమూర్తి గోడ వైపు చూస్తూ, "ఏదో గలతీ అయింది" అన్నాడు. గోడకు చెప్పుకున్నాడు.

"అయిపాయె. మాఫ్ చేసిన అని రాసి సంతకం పెట్టమ్మా. రాజీ అయినట్టు రాసుకుంట. ఇద్దరికీ మంచిది. నీ మీద ఆ బిడ్డ కేసు గూడ ఉండదు" అన్నారు.

కాగితం నా వైపు జరిపారు. కలం కూడా ఇచ్చారు. డాక్టరుగారు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"నేను మాఫ్ చేయలేదు సర్కార్" అన్నాను.

"అయితే నీకేం కావాలె?"

"నన్ను చెప్పుతోని కొట్టిండని రాయండి. నేను జారి పడలేదని రాయండి."

"దాంతోని నీకు ఏమొస్తది?"

"రాయండి సర్కార్" అనే మళ్లీ అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రాశారు. రాజీ కాలేదు అని కూడా రాశారు. చదివి వినిపించమని అడిగాను. ప్రతి పంక్తీ వినిపించారు. నేను వేలు పెట్టి పంక్తులు లెక్కపెట్టుకుని సంతకం పెట్టాను.

జూన్ 11

ఉత్తర్వు వచ్చింది. నన్ను తీసేశారు. కురుమూర్తికి ఇక ముందు జాగ్రత్తగా ఉండమని తాకీదు పంపారట. పటేలుగానే ఉన్నాడు. బడేబీని తీసేయలేదు, ఆయాలు దొరకరని.

జములమ్మను ఆమె అన్నలు వచ్చి కొల్లాపురం తీసుకుపోయారని విన్నాను. నిజమో కాదో తెలియదు.

జూన్ 13

బడేబీ రొట్టెలు కట్టిచ్చింది. ఏడవలేదు. "నాకు కాయిదం రాసుడు నేర్పకపోతివి బిడ్డా" అంది. గౌస్ పాషా నేర్పుతానన్నాడట. అతని దగ్గరికి వారానికి ఒకసారి పోతానంది. యాభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి.

జూన్ 20, గద్వాల

వారం నుంచి అన్న ఇంట్లో ఉన్నాను. వదిన మాట్లాడటం తగ్గించింది. అన్న సాయంత్రం ప్రార్థనలో నా పేరు చెప్పి, గర్వాన్ని తీసివేయమని దేవుణ్ణి అడుగుతున్నాడు. నేను ఆమెన్ అనడం లేదు.

జూన్ 24

ఇక్కడ ఒక వర్తకుడి ఇంటివాళ్లు నడిపే చిన్న ఆడవాళ్ల దవాఖాన ఉంది. పని అడగడానికి వెళ్లాను. అక్కడ పెద్ద నర్సు సుల్తానాబీ. అరవై దగ్గర ఉంటాయి. తల నెరిసింది, పొడుగు చేతుల రవిక. నా సర్టిఫికేటు తిప్పి తిప్పి చూసింది.

"పనితనం బాగనే రాసిండ్రు. మరి ఆడికెల్లి ఎందుకు వచ్చినవ్?"

బదిలీ అని చెప్పమంది వదిన. ఆరోగ్యం బాగోలేదని చెప్పమన్నాడు అన్న. రెండూ నాలుక చివర ఉన్నాయి.

"పక్క ఊరి పటేలు నన్ను చెప్పుతోని కొట్టిండమ్మా. కొట్టిండని చెప్పినందుకు తీసేసిండ్రు" అన్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. పని లేదని మెల్లగా చెప్తుంది కాబోలనుకుని నేను కూడా లేచాను.

"కూసో" అంది.

కుడి చేతి రవిక మోచేతి పైకి మడిచింది. ముంజేతి మీద జానెడు పొడుగున పాత మచ్చ, లోపలికి గుంజుకుపోయి ఉంది.

"పంతొమ్మిదేండ్లాయె. ఈడ గాదు, ఇంకో తాన. ఒక సాహుకారు తల్లి సచ్చిపోతే ఆయన కొడుకు పగిలిన సీసతోని పొడిచిండు."

"ఎవరికి చెప్పిండ్రు?"

"నీకే చెప్తున్న. కింద పడితే గాజుపెంకు గుచ్చుకున్నదన్న ఇంట్ల. మా ఆయన సచ్చిపోయేదాకా గట్లనే అనుకున్నడు."

ఆ చెయ్యి నా చేతుల్లోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాను. చూడటం నా అలవాటు. మచ్చ పొడుగునా కుట్ల గుర్తులున్నాయి, ఒకటి దగ్గర, ఒకటి దూరం, వంకర టింకరగా.

"ఈ కుట్లు ఎవరు ఏసిండ్రమ్మా? ఇంత అధ్వాన్నంగా?" అన్నాను.

"నేనే" అంది సుల్తానాబీ. "ఎడమ చేత్తోని."